చైనా అంతర్గత యుద్ధకళలు, ఖడ్గవిద్య, తావో ధ్యానం: తరచుగా అడిగే ప్రశ్నలు

తాయ్‌చి, షింగ్‌యి, బాగ్వా అనే చైనా యుద్ధకళలను, వాటితో పాటు నేర్పే రెండంచుల కత్తి సాధనను, తావో (చైనాలో పుట్టిన ఒక ప్రాచీన తత్త్వ, మతధార) సంప్రదాయపు ధ్యానాన్ని నేర్చుకోవాలనుకునే తెలుగువారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. యుద్ధకళ, కత్తి, ధ్యానం అనే ఈ మూడు విద్యలకూ పునాది ఒక్కటే, అది కదలకుండా సరిగ్గా నిలబడటం అన్నది నా గట్టి నమ్మకం. అందువల్ల చాలా జవాబులు అటు తిరిగే వస్తాయి.

అంతర్గత యుద్ధకళలు అంటే ఏవి? బాహ్య కళలకూ వీటికీ తేడా ఏమిటి?

తాయ్‌జీచ్వాన్ (మనం క్లుప్తంగా తాయ్‌చి అంటున్నది ఇదే), షింగ్‌యిచ్వాన్, బాగ్వాజాంగ్ అనే మూడింటినీ కలిపి చైనాలో ‘నెయ్‌జ్యా’, అంటే లోపలి సంప్రదాయం అంటారు. ఈ మూడింటినీ క్షుణ్ణంగా నేర్చి, వాటి మూలసూత్రం ఒక్కటేనని పుస్తకాలు రాసి, ఒకే వరసలో చేర్చినవారిలో సున్ లూతాంగ్ (1860–1933) ముఖ్యుడు.

తేడా ఎంత గట్టిదని అడిగితే, చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1928లో నాన్‌జింగ్‌లో కేంద్ర యుద్ధకళల సంస్థను స్థాపించినప్పుడు దానిని బాహ్య కళలకు షావోలిన్ శాఖ, లోపలి కళలకు వూడాంగ్ శాఖ అని రెండుగా విడదీశారు. ఆ రెండు శాఖలవారి మధ్య పోటీ ముదిరి గొడవల దాకా వెళ్ళడంతో కొద్ది నెలల్లోనే ఆ విభజనను రద్దు చేశారు. సాధనలో కనిపించే తేడా మొదలుపెట్టే చోటులో ఉంది. బాహ్య పద్ధతుల్లో తొలినాళ్ళలోనే కండబలం, వేగం, గట్టి దెబ్బ మీద శ్రద్ధ పెడతారు. లోపలి పద్ధతుల్లో ముందు ఒంట్లో అక్కరలేని బిగువు వదలడం, ఎముకల అమరిక మీద బరువును నిలపడం, నడుము కదిలితేనే చెయ్యి కదిలేలా అలవాటు చేసుకోవడం నేర్పుతారు. పదేళ్ళు శ్రద్ధగా చేసిన తర్వాత ఈ రెండు దారులవాళ్ళూ ఒకరికొకరు చాలా దగ్గరగా కనిపిస్తారు.

ఇవన్నీ వూడాంగ్ కొండల మీద చాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో యోగి కనిపెట్టాడంటారు. నిజమేనా?

ఇది గాథ. గాథగా దానికి విలువ ఉంది కానీ, చరిత్రగా చెప్పకూడదు. లోపలి సంప్రదాయం ప్రస్తావన మనకు స్పష్టంగా దొరికేది 1669లో, హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు వాంగ్ జెంగ్‌నాన్ అనే యోధుడి సమాధి కోసం రాసిన శాసనపాఠంలో. చాంగ్ సాన్‌ఫెంగ్ వూడాంగ్ యోగి అనీ, చక్రవర్తి పిలిస్తే బయలుదేరాడు కానీ దారి మూసుకుపోయి ఆగవలసి వచ్చిందనీ, ఆ రాత్రి కలలో ఉత్తర దిక్కు దేవుడు ముష్టియుద్ధం నేర్పాడనీ, తెల్లవారి ఒంటరిగా వందమందికి పైగా దొంగలను చంపాడనీ అందులో ఉంది. ఆ పాఠంలో తాయ్‌చి అన్న మాటే లేదు. పైగా అది ఈ యోగిని సోంగ్ వంశ కాలంలో పెడితే, ఇతర కథలు మింగ్ వంశ కాలం దాకా తీసుకువస్తాయి.

తాయ్‌చికి ఆధారాలతో దొరికే చరిత్ర హెనాన్ రాష్ట్రం వెన్ జిల్లాలోని చెన్‌జ్యాగోవ్ అనే పల్లె దగ్గర మొదలవుతుంది. 1930ల తొలినాళ్ళలో తాంగ్ హావ్ అనే చరిత్రకారుడు ఆ ఊరికి వెళ్ళి వంశవృక్షాలు, రాతప్రతులు పరిశీలించి, 17వ శతాబ్దపు సైనికుడు చెన్ వాంగ్‌టింగ్ దాకా ఈ విద్యను గుర్తించాడు. ఆ ఊళ్ళో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) దాన్ని బీజింగ్‌కు తీసుకువెళ్ళి రాజకుటుంబీకులకు నేర్పాడు. తాయ్‌చి ప్రపంచమంతా వ్యాపించడానికి ఆ ప్రయాణమే కారణం.

వూడాంగ్ మాత్రం కల్పన కాదు. హుబెయ్ రాష్ట్రంలోని ఆ కొండల మీద మింగ్ చక్రవర్తి యోంగ్‌లె 1412లో భారీగా ఆలయాల నిర్మాణం మొదలుపెట్టించాడు. 1,612 మీటర్ల ఎత్తున్న త్యెన్‌జు శిఖరం మీద 1416లో కట్టిన, బంగారు పూత పూసిన కంచు మందిరం ఈనాటికీ నిలిచి ఉంది. 1994లో యునెస్కో ఆ ఆలయాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఇప్పుడు నేర్పుతున్న యుద్ధకళా వరసలు (ఒకదాని వెంట ఒకటిగా చేసే కదలికల క్రమాలు) మాత్రం చాలావరకు 1980ల తర్వాత తిరిగి కూడగట్టుకున్నవి. వాటిలో మంచి సాధన ఉంది, మంచి గురువులు ఉన్నారు. ఎనిమిది వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా వచ్చిన విద్య అని ఎవరైనా ప్రకటనలో రాస్తే, ఆ మాటను పక్కనపెట్టి ఆయన నిలబడే తీరు చూడండి.

బోధిధర్ముడు మన దక్షిణాది నుంచే వెళ్ళాడు కదా, అప్పుడు ఈ విద్య మనదే కాదా?

బోధిధర్ముడు దక్షిణ భారతదేశం నుంచి వచ్చాడని చైనా బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆయన షావోలిన్ బౌద్ధమఠపు భిక్షువులకు వ్యాయామం నేర్పాడన్న కథకు ఆధారమైన యీజిన్‌జింగ్ గ్రంథం మాత్రం 1624 నాటిది, అంటే ఆయన కాలానికి సుమారు వెయ్యేళ్ళ తర్వాతది. అదీగాక ఆ కథ బౌద్ధ షావోలిన్‌కు సంబంధించింది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది చైనా రైతుల, సైనికుల, తావో సాధకుల చేతుల్లో పెరిగిన విద్య. దాన్ని నేర్చుకోవడానికి అది మనదని నిరూపించుకోవలసిన అవసరం లేదు.

మూడింటిలో దేనితో మొదలుపెట్టాలి?

మీకు దగ్గరలో మంచి గురువు దేన్ని నేర్పితే దానితో మొదలుపెట్టండి. ఎంచుకునే అవకాశం ఉంటే మూడింటి స్వభావాలు ఇవి. తాయ్‌చిలో కదలిక నిదానంగా, తెగకుండా సాగుతుంది. పొరపాటు ఎక్కడ జరుగుతోందో గమనించుకునే తీరిక దొరుకుతుంది కాబట్టి నడివయసులో మొదలుపెట్టేవారికి ఇది బాగా కుదురుతుంది. షింగ్‌యి చాలా సూటిగా ఉంటుంది. చీల్చే దెబ్బ, తొలిచే దెబ్బ, దూసుకెళ్ళే దెబ్బ, పేలే దెబ్బ, అడ్డదెబ్బ అని ఐదే మూలముష్టులు. వాటిని లోహం, నీరు, కలప, అగ్ని, భూమి అనే ఐదు తత్త్వాలతో ముడిపెడతారు. ఒకే కదలికను వందలసార్లు గీత గీసినట్టు ముందుకు నడుస్తూ చేసే ఓపిక ఉన్నవారికి దీనికి మించినది లేదు. బాగ్వాలో వలయం చుట్టూ నడవడమే మూలం. 1882లో మరణించిన దొంగ్ హాయ్‌చ్వాన్ దీన్ని బీజింగ్‌లో నేర్పాడు. తావో సన్యాసులు మంత్రం చెప్పుకుంటూ చేసే ప్రదక్షిణ సాధన నుంచి ఆయన ఈ నడకను తీసుకున్నాడని కొందరు చరిత్రకారుల ఊహ. మోకాళ్ళు, చీలమండలు గట్టిగా లేనివారికి బాగ్వా మొదటి ఏడాది కష్టంగా ఉంటుంది.

ఒకేసారి మూడూ మొదలుపెట్టవద్దు. సున్ లూతాంగ్ కూడా షింగ్‌యిని చాలాకాలం సాధించాకే బాగ్వా వైపు, ఆ తర్వాతే తాయ్‌చి వైపు వెళ్ళాడు.

తాయ్‌చిలో చెన్, యాంగ్, వూ, సున్ అని శైలులు ఉన్నాయి. తేడా అంత ముఖ్యమా?

తొలి రెండేళ్ళలో అంత ముఖ్యం కాదు. చెన్ శైలిలో నిదానం మధ్యలో హఠాత్తుగా విస్ఫోటించే దెబ్బలు, నేలమీద కాలు బలంగా మోపడం ఉంటాయి. యాంగ్ శైలి విశాలంగా, ఒకే వేగంతో సాగుతుంది. వూ శైలిలో అడుగులు చిన్నవి, సున్ శైలిలో అడుగు వెంట అడుగు చురుగ్గా కలుస్తుంది. పార్కుల్లో ఎక్కువగా కనిపించే 24 భంగిమల వరస యాంగ్ శైలి నుంచి 1956లో చైనా క్రీడల సంఘం కుదించి తయారుచేసింది. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఉన్నారు కానీ, సరిగ్గా నేర్పితే అది నిజాయితీ గల మొదటి మెట్టు.

మొదటి ఆరు నెలల్లో ఏమి నేర్పుతారు? నిలబడటమేనా?

దాదాపు అంతే. దీన్ని ‘జాన్ జువాంగ్’, అంటే స్తంభంలా నిలబడటం అంటారు. చాలామంది ఇక్కడే విసుగు చెంది వెళ్ళిపోతారు కాబట్టి, ఆ నిలబడటంలో జరిగేది కొంచెం వివరంగా చెప్పాలి.

పాదాలు భుజాల వెడల్పున, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. మోకాళ్ళు నిటారుగా బిగుసుకోకుండా కొద్దిగా మాత్రమే వంగుతాయి. నడుము వెనుక భాగం లోపలికి వంకర తిరగకుండా, కుర్చీ అంచున కూర్చోబోతున్నట్టు కిందికి జారుతుంది. చేతులు రొమ్ము ఎత్తులో, ఒక పెద్ద బంతిని కౌగిలించుకున్నట్టు గుండ్రంగా ఉంటాయి. మోచేతులు మణికట్ల కంటే కొంచెం కిందుగా ఉండాలి. తల విషయంలో యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) చెప్పిన పది సూత్రాలలో మొదటిది నడినెత్తిని పైనుంచి తేలికగా వేలాడదీసినట్టు నిలపడం. నెత్తిన నిండు బిందె పెట్టుకుని చేతితో పట్టుకోకుండా నడిచే మన పల్లె స్త్రీల మెడను ఎప్పుడైనా చూసి ఉంటే ఆ సూత్రం మీకు వెంటనే అర్థమవుతుంది. మెడ పొడుగవుతుంది కానీ బిగుసుకోదు, భుజాలు ఎత్తుకోవు.

మొదటి నిమిషం అంతా సులువే. మూడో నిమిషానికి భుజాలు మెల్లగా చెవుల వైపు ఎక్కుతాయి. మీకు తెలియదు, గురువుకు తెలుస్తుంది. ఆయన వచ్చి ఏమీ చెప్పకుండా రెండు వేళ్ళు మీ భుజం మీద ఆనిస్తారు. నొక్కరు. ఆ స్పర్శ తగలగానే అక్కడ ఎంత బిగువు ఉందో మొదటిసారి మీకు తెలిసి, భుజం దానంతట అదే దిగుతుంది. ఐదో నిమిషానికి తొడలు వణుకుతాయి. ఆ వణుకును పళ్ళు బిగించి ఆపాలని చూడకుండా, బరువు తొడ కండరం నుంచి పాదం మధ్యభాగంలోకి దిగేలా తుంటిని కాస్త సడలించడం నేర్చుకోవాలి. ఇది మాటల్లో చదివితే వచ్చేది కాదు. పది నిమిషాలు ఇలా నిలబడగలిగినవాడికి తాయ్‌చి వరస నేర్పడం తేలిక. అలా నిలబడలేనివాడు నూట ఎనిమిది భంగిమలు నేర్చినా చేతులు ఊపుతున్నట్టే ఉంటుంది.

20వ శతాబ్దంలో వాంగ్ షాంగ్‌జాయ్ అనే షింగ్‌యి గురువు ఈ నిలబడే సాధనే సర్వస్వమని భావించి, వరసలన్నిటినీ వదిలేసి యీచ్వాన్ అనే కొత్త పద్ధతినే రూపొందించాడు. అంత దూరం వెళ్ళాలని నేను అనను. కానీ ఆయన అలా ఎందుకు ఆలోచించాడో ఆరు నెలలు నిలబడిన ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది.

మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి. మానేయాలా?

తొడల్లో అలసట సహజం, మోకాలి కీలులో నొప్పి సహజం కాదు. కారణం చాలావరకు మోకాలు పాదం చూపే దిశ తప్పి లోపలికి ఒరగడం, లేదా బరువు ఉన్న పాదాన్ని అలాగే నేలమీద తిప్పడం. భంగిమ ఎత్తు పెంచండి, అడుగు చిన్నది చేయండి, తిరిగేముందు బరువు తీసేయండి. రెండు వారాల్లో తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించండి. లోతుగా కిందికి కూర్చోవడం గొప్పతనమన్న భ్రమ వల్ల ఎంతోమంది మంచి సాధకులు మోకాళ్ళు పాడుచేసుకున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

‘చి’ అంటే ఏమిటి? దాన్ని నమ్మకపోతే నేర్చుకోలేమా?

నేర్చుకోవచ్చు. ప్రాచీన చైనా ఆలోచనలో చి అనేది శ్వాస, ఆవిరి, ప్రాణం, వాతావరణం అన్నిటిలోనూ ఉండే కదిలే శక్తి. సాధనలో గురువు ‘చి దిగనివ్వండి’ అన్నప్పుడు ఆశించేది, శ్వాస పైరొమ్ము నుంచి పొట్ట అడుగుకు చేరడం, భుజాలు సడలడం, బరువు పాదాల్లోకి వెళ్ళడం. వేళ్ళలో వెచ్చదనం, తిమ్మిరి, అరచేతుల్లో నిండుగా ఉన్న భావన చాలామందికి కలుగుతాయి. అవి సడలింపు వల్ల వచ్చే మామూలు అనుభవాలు. వాటి కోసం ఎదురుచూడటం మొదలుపెడితే సాధన పక్కదారి పడుతుంది. తాకకుండా మనిషిని ఎగరగొట్టే గురువుల వీడియోలు చూసి ఈ విద్యలోకి రావద్దు. అక్కడ ఎగిరేది ఆ గురువు సొంత శిష్యులే.

బలం వాడవద్దంటారు. బలం లేకుండా మనిషిని ఎలా పడగొడతారు?

వాడవద్దనేది ఒక్కచోట బిగుసుకున్న మొద్దు బలాన్ని. అర్థం కావాలంటే ‘తుయ్‌షోవ్’, అంటే చేతులు ఆనించి ఒకరినొకరు తోసుకునే జంట సాధన చేయాలి. ఇద్దరూ ముంజేతులు ఆనించి నిలబడతారు. ఎదుటివారు తోస్తారు. మీరు ఎదురు తోస్తే బలమున్నవారు గెలుస్తారు, వెనక్కి పారిపోతే పడతారు. ఆ రెండూ కాకుండా, ఆనుకున్న చోటును వదలకుండా నడుము కొంచెం తిప్పితే, ఆ తోపు మీ పక్కనుంచి ఖాళీలోకి వెళ్ళిపోతుంది. ఎదుటివారి మడమ ఒక్క క్షణం తేలికవుతుంది. ఆ క్షణాన పాదం నుంచి వచ్చిన కొద్దిపాటి తోపు చాలు. ఆ మడమ తేలికైన క్షణాన్ని చేతి చర్మంతో పట్టుకోవడమే ఈ సాధనలో అసలు విద్య. దానికి ఏళ్ళు పడుతుంది.

నిజమైన పోరాటంలో ఇది పనికొస్తుందా?

పోరాటం సాధన చేసినవారికే పనికొస్తుంది. 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో ఒక ఆధునిక మిశ్రమ యుద్ధకళల యోధుడు, తాయ్‌చి గురువునని చెప్పుకున్న ఒకాయనను అర నిమిషం కూడా పట్టకుండా ఓడించాడు. ఆ వీడియో చైనా అంతటా దుమారం లేపింది. దానివల్ల తాయ్‌చి అబద్ధమని తేలలేదు. ఎదురు దెబ్బ తినని సాధన పోటీలో నిలవదని మాత్రం తేలింది. యాంగ్ లూచాన్ కాలంలో శిష్యులు ఒకరినొకరు నిజంగా పడగొట్టుకునేవారని చెబుతారు. ఇప్పుడు వారానికి రెండు గంటలు వరస చేసి ఆత్మరక్షణ వచ్చేసిందనుకోవడం ప్రమాదం. మీ లక్ష్యం అదే అయితే, గురువు దగ్గర తుయ్‌షోవ్‌తో పాటు స్వేచ్ఛగా తలపడే సాధన ఉందో లేదో చేరకముందే అడగండి.

కత్తి ఎప్పుడు పట్టుకోనిస్తారు? అసలు కత్తి ఎందుకు?

చైనా కత్తుల్లో రెండు రకాలు ముఖ్యం. ఒకే అంచుతో వంపుగా ఉండేది ‘దావ్’, రెండంచులతో సూటిగా ఉండేది ‘జ్యెన్’. లోపలి సంప్రదాయాల్లో ప్రధానంగా నేర్పేది జ్యెన్. దావ్‌కు వంద రోజులు, ఈటెకు వెయ్యి రోజులు, జ్యెన్‌కు పదివేల రోజులు అని చైనా యోధుల్లో ఒక నానుడి ఉంది. సాధారణంగా ఒట్టి చేతుల వరస స్థిరపడ్డాక, అంటే ఏడాది రెండేళ్ళకు మంచి గురువులు జ్యెన్ ఇస్తారు.

కారణం ఇది. జ్యెన్ తేలికైన ఆయుధం, మామూలుగా కిలో లోపే ఉంటుంది. దాంతో బరువైన ఆయుధాన్ని అంచుతో అడ్డుకుంటే అంచు చెడుతుంది. కాబట్టి ఎదుటి ఆయుధాన్ని అలుగు (కత్తి పలక) చదునుభాగంతో తాకి పక్కకు జరిపి, ఆ తాకిడి వదలకుండానే మొనను లోపలికి పంపాలి. తుయ్‌షోవ్‌లో ముంజేయి చేసిన పనే ఇప్పుడు అలుగు చేస్తుంది. అలుగును మూడు భాగాలుగా చూస్తారు. మొన వైపు మూడో వంతు చాలా పదునుగా, కోయడానికీ పొడవడానికీ ఉంటుంది. మధ్యభాగం జరపడానికి, పిడి దగ్గరి భాగం అవసరమైతే ఆపడానికి. పిడిని పిడికిలితో బిగించకూడదు. బొటనవేలు, మధ్యవేలు పట్టుకుంటాయి, మిగతా వేళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, అరచేతిలో కొంచెం ఖాళీ ఉంటుంది. కొత్తవారికి పది నిమిషాల్లోనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రబడి, ముంజేయి లాగుతుంది. అది గట్టిగా పట్టుకుంటున్నారనడానికి గుర్తు. ఖాళీగా ఉన్న చెయ్యి చూపుడు, మధ్య వేళ్ళను చాచి, మిగతా రెండింటినీ బొటనవేలి కింద ముడిచి ‘ఖడ్గముద్ర’లో ఉంటుంది. అది అలంకారం కాదు, కత్తి వైపు వెళ్ళిన బరువుకు ఎదురు తూకం.

మొదటి పాఠం పొడుపు. చూడటానికి చెయ్యి చాచడమే. కానీ వెనుక మడమ నేలను నెట్టిన తర్వాతే తుంటి, తుంటి తర్వాతే భుజం, ఆ తర్వాతే మొన కదలాలి. అవి వరుసగా జరిగినా బయటికి ఒకే కదలికలా కనిపించాలి. చెయ్యి ముందు వెళ్తే మొన వణుకుతుంది. మొన వణికిందంటే లోపల ఎక్కడో తెగిందని అర్థం. ఒంట్లో దాగే తప్పును మూడడుగుల దూరాన మొన దగ్గర అందరికీ కనిపించేలా చేస్తుంది కాబట్టే ఈ ఆయుధం మీద నాకు ఇంత గౌరవం.

జ్యెన్ విద్యను ఆధునిక కాలంలో బతికించినవారిలో లి జింగ్‌లిన్ (1885–1931) పేరు చెప్పుకోవాలి. సైన్యాధికారిగా పేరుపొందిన ఆయన వూడాంగ్ ఖడ్గ పద్ధతిని చాలామందికి నేర్పాడు. పైన చెప్పిన నాన్‌జింగ్ సంస్థకు ఉపాధ్యక్షుడు కూడా ఆయనే.

ఎలాంటి కత్తి కొనాలి? చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?

మొదటి ఏడాది చెక్క కత్తి చాలు. పొడవు చూసుకోవడానికి కత్తిని ఎడమ చేతిలో తిరగేసి పట్టుకుని, చెయ్యి నిటారుగా కిందికి వదిలితే మొన చెవి పైభాగం దాకా రావాలి. తర్వాత పదును పెట్టని లోహపు కత్తి తీసుకోవచ్చు. జెజ్యాంగ్ రాష్ట్రంలోని లోంగ్‌చ్వాన్ కత్తుల తయారీకి ప్రసిద్ధి. పోటీలకు వాడే, గాలికి ఊగే పల్చటి రేకు కత్తులు ఈ సాధనకు పనికిరావు. చప్పుడు తప్ప వాటిలో తూకం ఉండదు. పిడికి వేలాడే కుచ్చును మొదట్లో తీసేయండి, అది మణికట్టుకు చుట్టుకుంటుంది.

మన దేశంలో పదునైన కత్తులు, తొమ్మిది అంగుళాలకు మించిన అలుగు గల బాకులు ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు అవసరమవుతుంది. పదునైన కత్తితో సాధనకు మామూలు విద్యార్థికి అవసరమే లేదు. ఉన్నా, దాన్ని పట్టుకుని పార్కుకు వెళ్ళడం ఏ విధంగానూ మంచిది కాదు. చెక్క కత్తినైనా సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

నాకు కర్రసాము, కత్తిసాము వచ్చు. ఉపయోగపడుతుందా?

సాముగరిడీ నేర్చినవారికి దూరం అంచనా, అడుగుల లయ, ఆయుధం అంటే భయం లేకపోవడం ముందే ఉంటాయి. అవి పెద్ద ఆస్తులు. మార్చుకోవలసింది ఒకటి, భుజం నుంచి గుండ్రంగా తిప్పే అలవాటు. జ్యెన్‌లో వలయాలు చిన్నవి, మణికట్టు దగ్గర మొదలై నడుము దగ్గర ముగుస్తాయి. పాత విద్యను మానవద్దు, వేరే వేళ చేయండి.

తావో ధ్యానం ఎలా చేస్తారు? మనకు తెలిసిన యోగధ్యానంతో కలపవచ్చా?

తావో ధ్యానంలో స్థూలంగా రెండు ధోరణులు ఉన్నాయి. మొదటిది ఖాళీ చేసుకోవడం. చ్వాంగ్‌జి గ్రంథం ఆరో అధ్యాయంలో, కన్ఫ్యూషియస్ శిష్యుడు యెన్ హుయ్ తన ఒంటిని, తెలివిని, తెలిసినదాన్ని ఒక్కొక్కటిగా జారవిడిచి ‘కూర్చుని మరచిపోతున్నాను’ అని గురువుతో చెప్పే సంభాషణ ఉంది. ‘జువోవాంగ్’ అనే పద్ధతికి అదే మూలం. తాంగ్ వంశ కాలపు సిమా చెంగ్‌జెన్ (647–735) దాన్ని మెట్లుగా వివరించాడు. రెండోది ‘నెయ్‌దాన్’, అంటే లోపలి రసవాదం. ఇందులో బొడ్డుకు కొంచెం కింద, ఒంటి లోపల ఉన్నట్టు భావించే దాన్‌త్యెన్ అనే చోట మనసు నిలిపి, జింగ్, చి, షెన్ అనే మూడింటిని, అంటే శరీరసారం, ప్రాణం, చైతన్యాన్ని క్రమంగా శుద్ధిచేస్తారు. వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170) స్థాపించిన చ్వాన్‌జెన్ సంప్రదాయం దీనికి ప్రధాన ఆధారం.

కొత్తవారికి నేను సూచించేది మొదటి ధోరణి. బాసింపట్టు వేసుకునో, కుర్చీ ముందుభాగంలో పాదాలు నేలకు ఆనించో కూర్చోండి. నిలబడినప్పుడు నేర్చుకున్న వెన్ను అమరికే ఇక్కడా. నాలుక కొన పై అంగిలికి తేలికగా తాకాలి, రెప్పలు సగం వాలాలి. శ్వాసను లెక్కపెట్టకుండా, పొడిగించకుండా, దానంతట అది నడవనిస్తూ మనసును పొట్ట అడుగున ఉంచండి. పదిహేను నిమిషాలు చాలు.

ప్రాణాయామం, చక్రాలు, కుండలిని వంటి వాటితో దీన్ని కలపవద్దు. పైకి పోలికలు కనిపించవచ్చు. కానీ మన పద్ధతుల్లో చాలాచోట్ల శ్వాసను నిలుపుతారు, మనసును పైకి నడిపిస్తారు. ఇక్కడ తొలి సంవత్సరాలంతా దించడమే పని. రెండు వేర్వేరు పటాలతో ఒకే ఊరికి దారి వెతికితే తికమక తప్పదు. యోగం చేసేవారు దాన్ని ఉదయం, దీన్ని సాయంత్రం వేరువేరుగా చేసుకోవచ్చు.

ఇంట్లో ఒంటరిగా ధ్యానం చేస్తే ప్రమాదమా?

పైన చెప్పిన మామూలు కూర్చోవడంలో ప్రమాదమేమీ లేదు. వెన్నెముక వెంట పైకి, ముందువైపు కిందికి శక్తిని తిప్పే ‘చిన్న ఆకాశవలయం’ వంటి పద్ధతులను వీడియో చూసి, బలవంతంగా ఊహతో నెట్టేవారికి తలలో ఒత్తిడి, నిద్రపట్టకపోవడం, గుండెదడ, అకారణ భయం వస్తుంటాయి. చైనాలో దీనికి ‘జోవ్‌హువో రూమో’ అని ప్రత్యేకంగా పేరే ఉంది. అలా జరిగితే వెంటనే మానేసి, నడక, ఇంటిపని, కడుపునిండా భోజనం వంటి మామూలు జీవితంలోకి రండి. తగ్గకపోతే వైద్యుడిని కలవండి. మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు తమ డాక్టరును అడగకుండా నెయ్‌దాన్ జోలికి పోకూడదు, మందులు సొంతంగా మానకూడదు.

దీనికి మతం మారాలా?

అక్కరలేదు. ఆలయంలో దీక్ష తీసుకున్న సన్యాసులకే నియమవ్రతాలు. విద్యార్థి నుంచి కోరేది మర్యాద, క్రమం.

ఆరోగ్యానికి, దీర్ఘాయుష్షుకు ఎంత మేలు?

తాయ్‌చి విషయంలో వైద్యపరమైన ఆధారాలు బాగానే ఉన్నాయి, ముఖ్యంగా పెద్దవయసువారి నిలకడకు. 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన అధ్యయనంలో పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న 195 మందిని మూడు జట్లుగా విడదీసి, వారానికి రెండుసార్లు, 24 వారాలపాటు సాధన చేయించారు. తాయ్‌చి చేసినవారిలో నిలకడ మెరుగైంది, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవారితో పోలిస్తే పడిపోవడం తగ్గింది. కానీ ఇది మందుకు బదులు కాదు. బీపీ, షుగర్ మందులు కొనసాగిస్తూనే చేయాలి.

దీర్ఘాయుష్షు గురించి తావో గురువు చ్యూ చూజీ మాటే చెబుతాను. 1222లో చెంగిజ్ ఖాన్ ఆయనను హిందూకుష్ దాకా పిలిపించి, చావు లేకుండా చేసే మందు ఉందా అని అడిగితే, ప్రాణాన్ని కాపాడుకునే మార్గాలు ఉన్నాయి కానీ అమరత్వం ఇచ్చే మందు లేదని జవాబిచ్చాడు. అంతటి విజేత ముందు అబద్ధం చెప్పడానికి ఎన్ని కారణాలు ఉన్నా ఆయన చెప్పలేదు.

మంచి గురువును ఎలా గుర్తించాలి? వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?

గురువు చేతిని తాకనిస్తారా అన్నది నేను మొదట చూసేది. తన ముంజేయి మీద మీ చెయ్యి ఆనించి తోయమని, తన నడుము ఎలా కదులుతోందో పట్టుకుని చూడమని చెప్పేవారి దగ్గర దాచుకోవలసింది తక్కువ. రెండోది, పాత విద్యార్థులను చూడండి. ఐదేళ్ళు చేసినవారి మోకాళ్ళు బాగున్నాయా, వారు ఒకరినొకరు నొప్పించకుండా సాధన చేస్తున్నారా గమనించండి. వంశపరంపర కాగితాలకు నేను రెండో స్థానమే ఇస్తాను. రహస్య విద్యకు అదనపు రుసుము అడిగేవారిని, వైద్యం మానమనేవారిని, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకూడదని ఆంక్ష పెట్టేవారిని వదిలేయండి.

మన రెండు రాష్ట్రాల్లో ఈ విద్య నేర్పేవారు తక్కువే. వూషు (చైనా యుద్ధకళల ఆధునిక పోటీ క్రీడ) శిక్షణ కేంద్రాలలో తాయ్‌చి, తాయ్‌చి ఖడ్గం పోటీ అంశాలుగా నేర్పుతారు. వూషు 1990 బీజింగ్ క్రీడల నుంచీ ఆసియా క్రీడల్లో ఉంది. పోటీ వరసల్లో అందం, ఎత్తు, కష్టసాధ్యతకు మార్కులు ఉంటాయి కాబట్టి సంప్రదాయ సాధనకు కావలసిన నిలబడటం అక్కడ తక్కువ. అయినా కాళ్ళు, అడుగులు చక్కగా కుదురుతాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న తెలుగువారికి అక్కడి చైనీయుల మధ్య సంప్రదాయ గురువులు దొరికే అవకాశం ఎక్కువ, దాన్ని వదులుకోవద్దు. వీడియోలు వరస మరచిపోకుండా ఉండటానికి పనికొస్తాయి. భుజం మీద ఆనించే ఆ రెండు వేళ్ళను అవి ఇవ్వలేవు. గురువు దొరికేదాకా నిలబడటం, పా త్వాన్ జిన్ అనే ఎనిమిది కదలికల తేలిక వ్యాయామం చేస్తుంటే సమయం వృథా కాదు.

చైనా వెళ్ళి నేర్చుకోవాలా? ఎంతకాలం?

కనీసం ఒకటి రెండేళ్ళు ఇక్కడ చేశాక వెళ్తే ప్రయోజనం. ఏమీ తెలియకుండా మూడు వారాలకు వెళ్ళినవారు ఒక వరస ఆకారం తెచ్చుకుంటారు, ఇంటికి వచ్చాక సరిదిద్దేవారు లేక అది రెండు మూడు నెలల్లో చెదిరిపోతుంది. చెన్ శైలి కావాలంటే చెన్‌జ్యాగోవ్, ఆలయ వాతావరణంలో ధ్యానం, ఖడ్గం కావాలంటే వూడాంగ్, బాగ్వా కోసమైతే బీజింగ్ అనుకోవచ్చు. వూడాంగ్‌లో చలికాలం మంచు కురుస్తుంది. మెట్లు రాతివి, తడిసి జారుతుంటాయి, సాధన మాత్రం ఆరుబయటే. శాకాహారులకు ఆలయ భోజనశాలల్లో ఇబ్బంది ఉండదు కానీ, బయటి హోటళ్ళలో కూరగాయల వంటకాల్లోనూ మాంసపు రసం కలుపుతుంటారు, అడిగి తినాలి. నాలుగు మాటలైనా చైనీస్ నేర్చుకుని వెళ్ళండి. ‘ఫాంగ్ సోంగ్’, అంటే సడలించు అన్న మాట గురువు నోట రోజంతా వినిపిస్తుంది. తిరిగి వచ్చే ముందు మీరు చేసేదాన్ని మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించుకుని, ప్రతి తప్పు మీద గురువుగారి వ్యాఖ్యను రాసుకుని తెచ్చుకుంటే తర్వాతి ఏడాది సాధనకు అది సరిపోతుంది.